పాలలోని తెల్ల రక్తకణం, పొలంలోని సూక్ష్మపోషకం: రెండింటినీ కలిపి చదవవలసిన అవసరం

గ్రామంలోని పాల సేకరణ కేంద్రంలో ఉదయం పూట జరిగే పరీక్ష అందరికీ తెలిసినదే. పాడి రైతు తెచ్చిన పాల నుండి నమూనా తీస్తారు. వెన్న శాతం, వెన్నేతర ఘనపదార్థాల శాతం యంత్రం చూపిస్తుంది. ఆ రెండు అంకెల ఆధారంగా ధర కడతారు. అదే పాలలో పశువు పొదుగు ఆరోగ్యాన్ని తెలిపే మరొక సమాచారం ఉంటుంది. సూక్ష్మజీవులతో పోరాడటానికి రక్తం నుండి పొదుగులోకి వచ్చిన తెల్ల రక్తకణాలు, అవి విడుదల చేసిన ఎంజైములు ఆ పాలలోనే ఉంటాయి. వాటిని కొలిచే ఏర్పాటు చాలా కేంద్రాలలో లేదు. పాలు విరిగి, పొదుగు గట్టిపడి, పశువు తన్నడం మొదలుపెట్టిన తరువాత మాత్రమే వ్యాధి ఉన్నదని రైతు గుర్తిస్తాడు. అప్పటికి ఒక చన్ను శాశ్వతంగా ఎండిపోయే ప్రమాదం ఏర్పడి ఉంటుంది.

బాక్టీరియా సోకినప్పుడు తెల్ల రక్తకణాల ఎంజైములలో కలిగే మార్పులను జీవరసాయన శాస్త్ర పాఠంగానో, పశువైద్య కళాశాలకు పరిమితమైన విషయంగానో భావించడం వ్యవసాయ రంగంలో అలవాటుగా మారింది. ఈ అలవాటును పునఃపరిశీలించవలసిన సమయం వచ్చింది. ఈ ఎంజైములలో అనేకం లోహాలపై ఆధారపడి పనిచేస్తాయి. ఆ లోహాలు పశువుకు మేత నుండి, మేతకు నేల నుండి లభిస్తాయి. కనుక ఈ మార్పులను అర్థం చేసుకోవడం నేల శాస్త్రజ్ఞునికి, మేత పంటల శాస్త్రజ్ఞునికి, విస్తరణ శాస్త్రవేత్తకు కూడా అవసరమే.

కణంలో జరిగే మార్పులు

ఇల్యా మెచ్నికాఫ్ 1882లో మెస్సీనాలో నక్షత్ర చేప డింభకంలో ముల్లు గుచ్చి, దాని చుట్టూ సంచార కణాలు చేరడాన్ని గమనించాడు. దేహరక్షణలో కణాల పాత్రను వివరించినందుకు 1908లో పాల్ ఎర్లిచ్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందాడు. కణం బాక్టీరియాను మింగుతుందని ఆయన పరిశీలన తెలిపింది. మింగిన తరువాత ఎలా చంపుతుందన్న ప్రశ్నకు సమాధానం ఎంజైముల అధ్యయనంతో లభించింది.

తెల్ల రక్తకణాలలో బాక్టీరియాను ముందుగా ఎదుర్కొనేవి న్యూట్రోఫిల్ కణాలు. వీటిలో ఎంజైములతో నిండిన సూక్ష్మ కణికలు పలు రకాలుగా ఉంటాయి. కణం బాక్టీరియాను మింగగానే ఈ కణికలు ఆ బాక్టీరియా ఉన్న సంచితో కలిసి తమలోని పదార్థాలను అందులోకి వదులుతాయి. అదే సమయంలో కణపు పొరపై ఉన్న ఆక్సిడేజ్ అనే ఎంజైము సముదాయం ప్రాణవాయువును సూపర్ ఆక్సైడ్‌గా మారుస్తుంది. దాని నుండి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏర్పడుతుంది. మయెలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ఈ పెరాక్సైడ్‌ను, క్లోరైడ్‌ను ఉపయోగించి హైపోక్లోరస్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. బావి నీటిలో బ్లీచింగ్ పౌడరు కలిపినప్పుడు సూక్ష్మజీవులను చంపే పదార్థం కూడా ఇదే. మయెలోపెరాక్సిడేజ్ ఇనుము గల ఆకుపచ్చని ఎంజైము. చీముకు కనిపించే పచ్చదనంలో దాని పాత్ర ఉన్నది.

బాక్టీరియా సోకినప్పుడు కలిగే ఎంజైము మార్పులను మూడు విధాలుగా విభజించి చూడటం విద్యార్థులకు ఉపయోగకరం. మొదటిది, కణంలో నిల్వ ఉన్న ఎంజైము పరిమాణంలో మార్పు. మనుషులలో బాక్టీరియా సోకినప్పుడు న్యూట్రోఫిల్ కణాలలోని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ స్పష్టంగా పెరుగుతుంది. కాప్లో 1955లో ప్రతిపాదించిన పద్ధతిలో రక్తపు పూతపై రంగు వేసి, 100 కణాలను లెక్కించి, ఒక్కొక్క కణానికి 0 నుండి 4 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 400కు వచ్చిన సంఖ్య సోకుడు తీవ్రతను అంచనా వేయడానికి, దీర్ఘకాలిక మయెలాయిడ్ ల్యుకేమియా నుండి దానిని వేరుచేయడానికి ఉపయోగపడింది. ల్యుకేమియాలో కణాల సంఖ్య ఎక్కువైనా ఈ మార్కులు చాలా తక్కువగా ఉంటాయి.

రెండవది, ఉన్న ఎంజైము చురుకుదనంలో మార్పు. విశ్రాంతిలో ఉన్న న్యూట్రోఫిల్ కణంలో ఆక్సిడేజ్ భాగాలు విడివిడిగా ఉంటాయి. బాక్టీరియా తాకగానే అవి ఒకచోట చేరి పనిచేస్తాయి. నైట్రోబ్లూ టెట్రజోలియం అనే లేతపసుపు రంగు ద్రవ్యం ఈ చర్యవల్ల ముదురు నీలి రేణువులుగా మారుతుంది. బాక్టీరియా సోకిన రోగులలో ఇలా నీలిరంగు పొందే కణాల శాతం పెరుగుతుందని 1968లో పార్క్, ఆయన సహచరులు ప్రకటించారు. మూడవది, ఎంజైము ఉన్న చోటులో మార్పు. కణం పోరాడి చితికిపోయినప్పుడు దానిలోని ఎంజైములు చుట్టూ ఉన్న ద్రవంలోకి చేరతాయి. పాడి పశువుల విషయంలో అత్యంత ప్రయోజనకరమైనది ఈ మూడవ మార్పే. ఎందుకంటే ఆ ద్రవం పాలు. దానిని సేకరించడానికి సూది కూడా అవసరం లేదు.

ఫాస్ఫటేజ్ వంటి ఎంజైముల కొలతలో తెలుగువారికి గర్వకారణమైన ఒక అంశం ఇమిడి ఉన్నది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరం కొలత పద్ధతి జీవరసాయన ప్రయోగశాలలన్నింటిలో స్థిరపడింది. ఎంజైము విడగొట్టిన ఫాస్ఫేట్‌ను రంగు ద్వారా కొలవడానికి అది ఆధారమైంది. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన కాలంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో వెలుగులోకి వచ్చిన ఆ మందు టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిది. దేహం ఎలా పోరాడుతున్నదో కొలిచే సాధనం, దేహానికి సాయంగా బయటినుండి ఇచ్చే ఔషధం, రెండూ ఒకే శాస్త్రవేత్త కృషితో ముడిపడి ఉన్నాయి. నేటి పాడి రంగం ఔషధాన్ని గ్రామగ్రామానికి చేర్చింది. కొలతను ప్రయోగశాలలోనే వదిలివేసింది. సమస్యకు మూలం ఈ అసమతుల్యతలోనే ఉన్నది.

మనిషి అంకెలు పశువుకు వర్తించవు

ఈ విషయాన్ని బోధించేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. మానవ వైద్య గ్రంథాలలోని ఎంజైము విలువలను పశుపక్ష్యాదులకు యథాతథంగా అన్వయించకూడదు. కోడిలో న్యూట్రోఫిల్ స్థానంలో హెటిరోఫిల్ కణాలు ఉంటాయి. వాటిలో మయెలోపెరాక్సిడేజ్ ఉండదు. కోడిలో ఆ ఎంజైము కనిపించలేదని రోగనిరోధక శక్తి లోపించిందని నిర్ణయిస్తే అది పెద్ద పొరపాటు. ఆవు న్యూట్రోఫిల్ కణాలలో లైసోజైమ్ దాదాపు ఉండదు. అయితే వాటిలో మనుషుల కణాలలో లేని మూడవ రకం పెద్ద కణికలు ఉండి, బాక్టీరియాను చంపే పెప్టైడ్‌లను నిల్వ చేస్తాయి. ప్రతి జాతికీ తనదైన ఆయుధాల కూర్పు ఉన్నది. కనుక ఏ ఎంజైమును సూచికగా తీసుకోవాలన్న నిర్ణయం ఆ జాతిపై జరిగిన పరిశీలన నుండే రావాలి. మన పాడికి ఆధారమైన ముర్రా, గ్రేడెడ్ ముర్రా గేదెలకు ఆవుల విలువలను అరువు తెచ్చుకోవడం కూడా ఇటువంటి పొరపాటుకే దారితీయవచ్చు.

పాలు చెప్పే సమాచారం

ఆరోగ్యంగా ఉన్న పొదుగు పాలలో కూడా కొన్ని తెల్ల రక్తకణాలు ఉంటాయి. ఆవులలో ఆరోగ్యవంతమైన చన్ను పాలలో మిల్లీలీటరుకు లక్షకు లోపు కణాలు ఉండటం సాధారణం. రెండు లక్షలు దాటితే సోకుడు ఉన్నదని అనుమానించాలి. ఆరోగ్య స్థితిలో ఈ కణాలలో మాక్రోఫేజ్‌లు ప్రధానం. బాక్టీరియా ప్రవేశించగానే న్యూట్రోఫిల్ కణాలు వరదలా వచ్చి 90 శాతానికి మించి ఆక్రమిస్తాయి. ఐరోపా సమాజం పచ్చిపాలలో మిల్లీలీటరుకు 4 లక్షల కణాలను, అమెరికా 7.5 లక్షల కణాలను గరిష్ఠ పరిమితిగా నిర్ణయించాయి. అక్కడ పాల ధర, పాల అనుమతి రెండూ ఈ కణాల సంఖ్యతో ముడిపడి ఉన్నాయి.

కణాలతోపాటు ఎంజైములు కూడా పెరుగుతాయి. క్లుప్తంగా నాగేజ్ అని పిలిచే ఎన్-ఎసిటైల్-బీటా-డి-గ్లూకోసమినిడేజ్, లాక్టేట్ డీహైడ్రోజినేజ్, కెటలేజ్, మయెలోపెరాక్సిడేజ్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ వీటిలో ముఖ్యమైనవి. నాగేజ్, లాక్టేట్ డీహైడ్రోజినేజ్‌లు తెల్ల కణాల నుండి మాత్రమే గాక దెబ్బతిన్న పొదుగు కణజాలం నుండి కూడా వస్తాయి. కాబట్టి వ్యాధి ఉన్నదని తెలపడంతోపాటు కణజాలం ఎంత నష్టపోయిందో కూడా అవి సూచిస్తాయి. కొన్ని ఐరోపా దేశాల పాడి క్షేత్రాలలో పాలు పితికే యంత్రానికే పరికరం అమర్చి, లాక్టేట్ డీహైడ్రోజినేజ్‌ను కొలుస్తున్నారు.

రెండు గేదెలున్న రైతుకు అటువంటి యంత్రం సాధ్యం కాదు. కానీ అదే జీవరసాయన సూత్రంపై పనిచేసే చౌకైన పరీక్షలు దశాబ్దాలుగా ఉన్నాయి. షామ్, నూర్లాండర్ 1957లో ప్రకటించిన కాలిఫోర్నియా పొదుగువాపు పరీక్షలో నాలుగు గుంటలున్న పళ్లెంలో నాలుగు చన్నుల పాలు వేరువేరుగా తీసుకుని, సమాన పరిమాణంలో ద్రావకం కలిపి తిప్పుతారు. ద్రావకంలోని డిటర్జెంట్ తెల్ల కణాలను పగులగొడుతుంది. వాటిలోని కేంద్రక పదార్థం బంకగా మారుతుంది. బంక ఎంత చిక్కగా ఉంటే కణాలు అంత ఎక్కువ. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు బట్టలు ఉతికే పొడితో చేసిన 3 శాతం ద్రావణంతో ఇదే పరీక్ష చేయవచ్చని చూపారు. పాలలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే కణాలలోని కెటలేజ్ దానిని విడగొట్టి బుడగలు పుట్టిస్తుంది. ఇది ఎంజైము ఆధారిత పరీక్షలలో పాతది.

సేకరణ కేంద్రంలో కలిపిన పాలపై పరీక్ష చేస్తే సరిపోతుందన్న అభిప్రాయం సరికాదు. ఉదాహరణకు ఒక గేదె మూడు చన్నులలో మిల్లీలీటరుకు లక్ష చొప్పున, వ్యాధి ఉన్న నాలుగవ చన్నులో 12 లక్షల కణాలు ఉన్నాయనుకుందాం. నాలుగు చన్నుల దిగుబడి సమానమైతే కలిపిన పాలలో సగటు 3.75 లక్షలు మాత్రమే. ఆ పాలను మరొక ఆరోగ్యవంతమైన గేదె పాలతో కలిపితే అంకె ఇంకా తగ్గుతుంది. వ్యాధి దాగిపోతుంది, రైతు నష్టం కొనసాగుతుంది. అందువల్ల పరీక్ష పశువు పక్కన, ప్రతి చన్నుకూ విడిగా, మొదటి ధారలు పారబోసిన తరువాత జరగాలి.

మందు ముందా, పరీక్ష ముందా

నేటి ఆచరణలో పాలలో చిన్న పలుకు కనిపించగానే చన్నులోకి యాంటీబయోటిక్ ట్యూబు ఎక్కించడం సాధారణమైంది. అనేక సందర్భాలలో ఏ బాక్టీరియా కారణమో తెలియదు; మందు పూర్తి మోతాదులో పడదు; మందు వాడిన తరువాత పాలు ఎన్ని రోజులు అమ్మకూడదో రైతుకు చెప్పేవారు ఉండరు. తెల్ల రక్తకణం ఎలా పనిచేస్తుందో తెలిసిన శాస్త్రవేత్త ఈ ఆచరణను సమర్థించలేడు.

ఎషరీషియా కోలై వల్ల కలిగే పొదుగువాపులో ఫలితాన్ని ప్రధానంగా నిర్ణయించేది న్యూట్రోఫిల్ కణాలు ఎంత త్వరగా పొదుగులోకి చేరాయన్నదే. తేలికపాటి వ్యాధిలో లక్షణాలు కనిపించేసరికే కణాలు బాక్టీరియాను చాలావరకు తొలగించి ఉండవచ్చు. అక్కడ యాంటీబయోటిక్ చేసే మేలు స్వల్పం. స్టఫిలోకాకస్ ఆరియస్ విషయం ఇందుకు భిన్నం. అది న్యూట్రోఫిల్ కణంలోనే బతికి ఉండగలదు. కణం లోపలికి చేరలేని మందు దానిని తాకదు. దీర్ఘకాలంగా పాతుకుపోయిన అటువంటి సోకుడుకు పాలిచ్చే కాలంలో పదేపదే ట్యూబులు ఎక్కించడం వల్ల ఖర్చు, పాలలో మందు అవశేషాలు, నిరోధక బాక్టీరియా మాత్రమే మిగులుతాయి. పశుపోషణలో కొలిస్టిన్ వాడకాన్ని భారత ప్రభుత్వం 2019లో నిషేధించవలసి వచ్చిందంటే పరిస్థితి తీవ్రత అర్థమవుతుంది.

మరొక వాస్తవాన్ని కూడా గుర్తించాలి. పాలలోకి చేరిన న్యూట్రోఫిల్ కణం రక్తంలో ఉన్నంత సమర్థంగా పనిచేయదు. అది బాక్టీరియాతోపాటు వెన్న గోళాలను, కేసిన్ రేణువులను కూడా మింగి తన కణికలను వృథా చేసుకుంటుంది. ఈనడానికి ముందు, ఈనిన తరువాత కొన్ని వారాలు ఈ కణాల చంపే సామర్థ్యం సహజంగానే తగ్గుతుంది. ఇంత ప్రతికూల స్థితిలో పోరాడవలసిన కణం పోషక లోపంతో మరింత బలహీనపడితే ఎంత మందు వాడినా ప్రయోజనం పరిమితమే. వ్యవసాయ శాస్త్రం బాధ్యత ఇక్కడే ప్రారంభమవుతుంది.

ఎంజైము వెనుక నేల

మయెలోపెరాక్సిడేజ్‌కు ఇనుము, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌కు జింకు అవసరం. సూపర్ ఆక్సైడ్‌ను పెరాక్సైడ్‌గా మార్చే డిస్మ్యుటేజ్‌కు రాగి, జింకు కావాలి. తాను తయారుచేసిన పెరాక్సైడ్ వల్ల కణం తానే నశించకుండా కాపాడే గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్‌కు సెలీనియం కావాలి. ఈ ఎంజైములో సెలీనియం ఉన్నదని 1973లో నిర్ధారణ అయింది. సెలీనియం, విటమిన్-ఇ లోపించిన ఆవులలో పొదుగువాపు ఎక్కువగా, దీర్ఘంగా ఉంటుందని ఒహాయో శాస్త్రవేత్తలు 1984లో వెల్లడించారు. రాగి లోపించిన పశువుల న్యూట్రోఫిల్ కణాలు సూక్ష్మజీవులను మింగినా చంపడంలో వెనుకబడతాయని కూడా పరిశోధనలు తెలిపాయి.

నేలలో సెలీనియం తక్కువగా ఉన్న ఫిన్లాండ్ ఈ సమస్యను ఎరువుల ద్వారా ఎదుర్కొన్నది. 1980 దశకం మధ్య నుండి ఆ దేశంలో రసాయనిక ఎరువులకు సెలీనియం కలుపుతున్నారు. దానివల్ల మేతలో, పాలలో, మాంసంలో, చివరకు ప్రజల రక్తంలో కూడా సెలీనియం పెరిగింది. నేల నుండి కణం వరకు ఉన్న గొలుసును ఒక దేశం విధానంగా మలచుకున్న సందర్భమిది.

ఇటువంటి గొలుసుకు తెలుగు నేలలోనే మరొక సాక్ష్యం ఉన్నది. 1970 దశకంలో నల్గొండ ప్రాంతంలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్న గ్రామాలలో మోకాళ్లు లోపలికి వంగిపోయే వ్యాధిని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు గుర్తించారు. వ్యాధి ఉన్న గ్రామాల జొన్నలో మాలిబ్డినం ఎక్కువగా ఉన్నదని ఆ సంస్థ పరిశోధన తెలిపింది. నాగార్జునసాగర్ నీటి ఊటవల్ల భూగర్భ జలమట్టం, నేల క్షారత పెరగడం, తత్ఫలితంగా పైరు మాలిబ్డినంను అధికంగా గ్రహించడం, అది దేహంలో రాగిని తగ్గించడం అన్న వరుసలో ఆనాడు చర్చ సాగింది. నెమరువేసే పశువులు మాలిబ్డినంకు మనుషులకంటే సున్నితమైనవి. వాటి పొట్టలో మాలిబ్డినం, గంధకం కలిసి రాగిని బంధించి వేస్తాయి. జొన్న గింజకే ఈ తేడా వస్తే, ఆ చొప్ప తిన్న పశువు న్యూట్రోఫిల్ కణంలో రాగి ఆధారిత ఎంజైము ఎలా ఉండి ఉంటుందన్న ప్రశ్న సహజంగా రావాలి. ఎముకపై జరిగినంత చర్చ ఈ ప్రశ్నపై జరగలేదు.

జింకు లోపం గురించి కొత్తగా చెప్పనవసరం లేదు. వరిలో ఖైరా తెగులుకు జింకు లోపమే కారణమని వై.ఎల్. నెనె 1966లో పంత్‌నగర్‌లో నిరూపించిన నాటినుండి జింకు సల్ఫేట్ సిఫారసు వ్యవసాయ విస్తరణలో భాగమైంది. ఆ సిఫారసు లక్ష్యం గింజ దిగుబడి మాత్రమే. గింజ ఇంటికి చేరిన తరువాత మిగిలిన వరిగడ్డిలో పశువుకు ఎంత జింకు, ఎంత రాగి మిగిలిందన్న లెక్క సిఫారసులలో చోటు చేసుకోలేదు. పచ్చిమేత కరువైన నెలలలో కృష్ణా, గోదావరి డెల్టాలలో గేదెకు ప్రధానాహారం ఆ గడ్డే.

విడిపోయిన శాఖలు

ఒకప్పుడు ఈ విషయాలన్నీ ఒకే విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉండేవి. 1964లో స్థాపించిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వ్యవసాయం, పశువైద్యం కలిసే ఉన్నాయి. 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలోనూ వ్యవసాయానికి, పశువైద్యానికి వేర్వేరు విశ్వవిద్యాలయాలు వచ్చాయి. ప్రత్యేక సంస్థలవల్ల ఆయా రంగాలకు నిధులు, గుర్తింపు, లోతైన పరిశోధన లభించాయి, దానిని కాదనలేము. కానీ నేల నమూనా ఒక విశ్వవిద్యాలయానికి, పాల నమూనా మరొక విశ్వవిద్యాలయానికి వెళ్లడంతో, రెండు ఫలితాలను ఒకే కాగితంపై చూసే వ్యక్తి కరువయ్యాడు.

2015లో ప్రారంభమైన నేల ఆరోగ్య పత్రంలో 12 అంశాలు ఉన్నాయి. వాటిలో జింకు, ఇనుము, రాగి కూడా ఉన్నాయి. ఆ అంకెలను పైరుకు ఎరువు నిర్ణయించడానికే చదువుతున్నారు. అదే రైతు పశువుల కొట్టంలోని గేదెకు ఖనిజ లవణ మిశ్రమం నిర్ణయించడానికి ఆ పత్రాన్ని తెరచి చూసే ఆచారం లేదు. సెలీనియం, మాలిబ్డినం ఆ పత్రంలోనే లేవు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రాంతాలవారీగా ఖనిజ మిశ్రమాలను రూపొందించే విధానాన్ని ప్రోత్సహించింది. ఆ దిశలో వేసిన అడుగు మంచిదే. దానికి నేల సమాచారం, పాలలోని కణాల సమాచారం తోడైతేనే మిశ్రమం నిజంగా పనిచేసిందో లేదో తెలుస్తుంది.

అభ్యంతరాలు

ఈ వాదనపై మూడు అభ్యంతరాలు రావచ్చు. ఎంజైము మార్పు బాక్టీరియా పేరు చెప్పదన్నది మొదటిది. ఇది నిజం. ఈనిన మొదటి రోజులలో జున్నుపాలు కూడా కాలిఫోర్నియా పరీక్షలో బంకగా కనిపిస్తాయి. పాలు ఎండే దశలోనూ కణాలు పెరుగుతాయి. పొదుగుకు తగిలిన దెబ్బ కూడా ఎంజైములను పెంచగలదు. కానీ ఈ పరీక్ష పని రోగకారకానికి పేరు పెట్టడం కాదు. నాలుగు చన్నులలో ఏది అనుమానించదగినదో చూపి, ప్రయోగశాలకు పంపవలసిన నమూనాను ఎంచడం దాని పని. ప్రతి పాలనూ సాగు పరీక్షకు పంపలేని చోట ఈ జల్లెడ విలువ తక్కువది కాదు.

రైతుకు కావలసింది వైద్యమే గాని ఎంజైముల పాఠం కాదన్నది రెండవది. రైతుకు ఎంజైముల పేర్లు అవసరం లేదు. వాటి ఆధారంగా వచ్చిన నిర్ణయం అవసరం. వెన్న శాతం వెనుక ఉన్న రసాయన శాస్త్రం తెలియకపోయినా పాడి రైతు ఆ అంకెను అర్థం చేసుకుని బేరం ఆడుతున్నాడు. పళ్లెంలో కనిపించే బంకను అర్థం చేసుకోవడం అంతకంటే సులభం. చాలా ఇళ్లలో పాలు పితికేది, పొదుగు కడిగేది మహిళలే. పరీక్ష వారి చేతికి చేరితే వ్యాధిని గుర్తించే సమయం వారాల నుండి రోజులకు తగ్గే అవకాశం ఉన్నది.

ఖనిజాలు మేలు చేస్తే అందరికీ పంచవచ్చు గదా, నేల పరీక్ష ఎందుకన్నది మూడవ అభ్యంతరం. ఇది అన్నింటికంటే ప్రమాదకరమైన ఆలోచన. సెలీనియంకు అవసరానికీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. పాడి పశువుల మొత్తం మేతలో పొడి పదార్థం కిలోకు 0.3 మిల్లీగ్రాములు సిఫారసు. పంజాబ్‌లోని హోషియార్‌పూర్, నవాన్‌షహర్ ప్రాంతాల కొన్ని నేలలలో సెలీనియం అధికమై పశువుల గిట్టలు, వెంట్రుకలు ఊడిపోయిన ఉదంతాలు నమోదయ్యాయి. ఒకే దేశంలో ఒకచోట లోపం, మరొకచోట విషం. రాగి కూడా గొర్రెలకు త్వరగా విషమవుతుంది. కనుక కొలవకుండా వేసే ఖనిజం, కొలవకుండా ఎక్కించే యాంటీబయోటిక్ ఒకే రకమైన తప్పు.

చేయవలసినవి

ఈ పరిస్థితిలో విస్తరణ వ్యవస్థ కొన్ని నిర్దిష్టమైన పనులు చేపట్టవచ్చు. కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు తాము నిర్వహించే మేత పంటల ప్రదర్శన క్షేత్రాలలో దిగుబడితోపాటు మేతలోని రాగి, జింకు, మాలిబ్డినంలను కూడా నమోదు చేయాలి. ఆ మేత తిన్న పశువుల పాలను ఈనిన పదవ రోజు తరువాత చన్నులవారీగా పరీక్షించి ఆ ఫలితాన్ని అదే పుస్తకంలో రాయాలి. పంట దిగుబడి పట్టిక, పొదుగు ఆరోగ్య పట్టిక పక్కపక్కన ఉంటే గాని వాటి మధ్య సంబంధం ఉన్నదో లేదో తేలదు. సంబంధం లేదని తేలినా అది విలువైన ఫలితమే.

పాల సంఘాలు నెలకు ఒకసారైనా సభ్యుల పశువులకు పళ్లెం పరీక్ష నిర్వహించాలి. వరుసగా శుభ్రమైన ఫలితం చూపిన రైతుకు ధరలో చిన్న ప్రోత్సాహకం ఇవ్వాలి. వెన్న శాతానికి డబ్బు ఇచ్చినందువల్లనే రైతులు వెన్న శాతంపై శ్రద్ధ పెట్టారు. పొదుగు ఆరోగ్యానికి డబ్బు ఇస్తే దానిపైనా శ్రద్ధ పెడతారు. అనుమానిత చన్ను కనిపించినప్పుడు పశువైద్యుని సలహా లేకుండా మందు ఎక్కించరాదన్న నియమాన్ని సంఘమే అమలు చేయాలి.

బోధనలో కూడా మార్పు అవసరం. వ్యవసాయ విద్యార్థి జింకు లోపాన్ని వరి ఆకుపై తుప్పు మచ్చలుగా మాత్రమే నేర్చుకుంటున్నాడు. పశువైద్య విద్యార్థి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ను ప్రయోగశాల అంకెగా మాత్రమే చూస్తున్నాడు. ఒకే జింకు రెండింటిలోనూ ఉన్నదని ఇద్దరూ ఒకే తరగతిలో కూర్చుని తెలుసుకునే ఉమ్మడి పాఠ్యాంశం రెండు విశ్వవిద్యాలయాల ఒప్పందంతో ప్రారంభించవచ్చు. స్నాతకోత్తర పరిశోధనలో నేల శాస్త్రం, పశు జీవరసాయన శాస్త్రం నుండి చెరొక మార్గదర్శకుడు ఉండే పద్ధతిని ప్రోత్సహించాలి. గేదెల న్యూట్రోఫిల్ ఎంజైముల సాధారణ విలువలను ప్రాంతం, ఋతువు, ఈత, మేత వారీగా తయారుచేయడం అటువంటి పరిశోధనకు తగిన మొదటి లక్ష్యం. ఆధార విలువలు లేనిదే మార్పు అన్న మాటకు అర్థం ఉండదు.

తెల్ల రక్తకణం ఆయుష్షు కొద్ది రోజులే. ఆ కొద్ది రోజులలో అది ప్రదర్శించే శక్తి వెనుక నెలల తరబడి పశువు తిన్న మేత, ఏళ్ల తరబడి ఆ మేతను పండించిన నేల ఉన్నాయి. పొదుగువాపు సోకిన నాడు ట్యూబు పట్టుకుని పరుగెత్తే విస్తరణ కంటే, ఆ కణానికి కావలసిన రాగి, జింకు సరైన పాళ్లలో అందేటట్లు ముందుగానే చూసి, అది పోరాడుతున్న సంగతిని పాలలోనే గుర్తించే విస్తరణ రైతుకు ఎక్కువ మేలు చేస్తుంది. దానికి కావలసిన జ్ఞానం, పళ్లెం, ద్రావకం, నేల పత్రం ఇప్పటికే ఉన్నాయి. రెండు శాఖల నమోదు పుస్తకాలను ఒకచోట తెరవడమే మిగిలిన పని.